ఊరి పేరున్న జాడీలు

పాతకాలపు ఏథెన్స్‌లో నాలుగేళ్ళకోసారి ఎథీనా దేవతకు పెద్ద జాతర జరిగేది. దాన్ని పానథెనియా అనేవాళ్ళు. జాతరన్నాక ఆటలుండాలి కదా! పరుగు, కుస్తీ, గుద్దులాట, రథాల పందెం అన్నీ ఉండేవి. గెలిచినవాళ్ళకు ఇచ్చేది ఆలివ్ నూనె. అదీ చెంబెడు, ముంతెడు కాదు. ఒక్కో జాడీలో 36 లీటర్లకు పైనే పట్టేది. క్రీ.పూ. 4వ శతాబ్దపు రాతి శాసనం ఒకటి దొరికింది. దాని ప్రకారం పిల్లల పరుగుపందెంలో మొదటివాడికి 50 జాడీలు, రెండోవాడికి 10.

ఆ మట్టి జాడీల మీది బొమ్మలంటే నాకు భలే ఇష్టం. ఒక పక్క డాలు, ఈటె పట్టిన ఎథీనా ఉంటుంది. రెండో పక్క ఏ ఆటకు బహుమానమో ఆ ఆట బొమ్మ. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఏది చూసినా తప్పెక్కడుందా అని కళ్ళు వెతుకుతాయి. పరుగు బొమ్మల్లో ఒకటి దొరికింది కూడా. చాలావాటిలో కుడికాలు ముందుకొస్తే కుడిచెయ్యీ ముందుకే వస్తుంది. అలా ఎవరూ పరిగెత్తలేరు, కావాలంటే లేచి నాలుగడుగులు వేసి చూడండి. ఆఫీసులో ఐతే బగ్ కింద ఎక్కించేస్తాను.

కానీ దూరపు పరుగు బొమ్మలు పక్కన పెట్టి చూస్తే సంగతి వేరేగా తోస్తుంది. వాటిలో చేతులు మడిచి ఒంటికి దగ్గరగా ఉంటాయి. చిన్న పరుగులో మాత్రం రెక్కల్లా విచ్చుకుంటాయి. చూసినవాళ్ళు ఏ పందెమో ఇట్టే పోల్చుకుంటారు. బొమ్మ ఆ పని చక్కగా చేస్తోంది.

ఇంకో విచిత్రం. క్రీ.పూ. 520 నాటికే ఏథెన్స్ కుమ్మరులు కొత్త పద్ధతి పట్టారు: నేపథ్యం నల్లగా, మనుషులు ఎర్రగా. అందరూ అటే పోయారు. ఈ బహుమాన జాడీల మీద మాత్రం మరో 300 ఏళ్ళకు పైగా పాత పద్ధతే నడిచింది, ఎర్రమట్టి మీద నల్ల బొమ్మలు. చెయ్యడం చేతకాక కాదు, ఈ జాడీ అంటే ఇలాగే ఉండాలని.

ఎథీనా పక్కన నిలువుగా ఒక వరుస అక్షరాలుంటాయి, 'ఏథెన్స్ ఆటల బహుమానం' అని. బ్రిటిష్ మ్యూజియంలో బర్గన్ జాడీ అని ఒకటుంది, క్రీ.పూ. 560 ప్రాంతానిది. దాని మీద జాడీయే మాట్లాడుతుంది: ఏథెన్స్ ఆటల బహుమానాల్లో ఒకదాన్ని నేను, అని. గెలిచినవాడి పేరు ఉండదు. ఊరి పేరు ఉంటుంది.

ఆ జాడీలు సముద్రాలు దాటి పోయాయి. ఇటలీలో, లిబియాలో సమాధుల్లో దొరికాయి. గ్రీకు కుండలు ఇటలీలో ఎన్ని దొరికాయంటే, 18వ శతాబ్దంలో చాలామంది అవి అక్కడి ఎట్రస్కన్లు చేసినవే అనుకున్నారు. ఇంగ్లండులో వెడ్జ్‌వుడ్ 1769లో తెరిచిన పింగాణీ కార్ఖానాకు 'ఎట్రూరియా' అని పేరు పెట్టుకున్నాడు. ఎక్కడ దొరికితే అక్కడివే అనుకోవడం లోకసహజం. కుండ మీది గ్రీకు అక్షరాలు మాత్రం తమ మాట మార్చలేదు.

మనలాంటి ఇళ్ళవాళ్ళకు ఇది వేరే చెప్పాలా? మీరు కన్నడమా, తెలుగా అని అడిగించుకోనివాళ్ళెవరు!

బళ్ళారిలో మా ఇంటి అటక మీద అవ్వ పెళ్ళినాటి ఇత్తడి బిందె ఉంది. దాని మీద ఆమె పేరు చుక్కచుక్కగా తెలుగులో కొట్టించారు. అమ్మ పెళ్ళినాటి స్టీలు గిన్నెల మీద పేరు కన్నడంలో ఉంది. నా పెళ్ళికి వచ్చినవాటి మీద ఇంగ్లీషు. కన్నడ బడిలో చదివిన నాకు అవ్వ పేరు చదవడం కష్టం కాలేదు, రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే కదా. మా పాపకు ఆ దారి కూడా లేదు, తన బడిలో అన్నీ ఇంగ్లీషే.

ఆ బిందెను పాత సామానుకు వేసేద్దామని అమ్మ రెండుసార్లు అంది. బరువు, తోమలేం, నీళ్ళు పట్టేదీ లేదు. అమ్మ చెప్పేదంతా నిజమే. అయినా వద్దన్నాను. అంగడివాడు తూకం వేసేది ఇత్తడిని, అవ్వ పేరును కాదు.

ఒక తేడా ఉంది. ఆ జాడీ మీద ఊరుంది, మనిషి లేడు. మా బిందె మీద మనిషి ఉంది, ఊరు లేదు. అందుకే పోయిన వారం పాప టిఫిన్ డబ్బా మీద రెండూ కొట్టించాను, తన పేరు, దాని కింద బళ్ళారి అని, తెలుగులోనే. ఇంకా తనకు చదవడం రాదు. రాత్రి అన్నం తినేటప్పుడు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూపిస్తున్నాను. 'బ' దగ్గరున్నాం.