ఫారంలో లేని ప్రశ్న

"మేడమ్, ఇందులో బాత్రూమ్ గురించి అడగలేదేంటి?"

నైట్ డ్యూటీ దిగిన సిస్టర్ నా సర్వే ఫారం నింపుతూ అడిగారు. మోచేతికి ప్లాస్టర్ ముక్క ఇంకా అంటుకునే ఉంది. వార్డు వదిలి వెళ్ళడం కుదరదని రాత్రిళ్ళు నీళ్ళు తాగడమే మానేశారట.

పని ఒత్తిడితో మనిషి డస్సిపోవడాన్ని, అంటే బర్నవుట్‌ని, కొలవడానికి మా పరిశోధకులం ఎక్కువగా వాడేది 1981లో మాస్లాక్, జాక్సన్ తెచ్చిన 22 ప్రశ్నల కొలమానం. మంచిదే. మనిషి ఎంత విసిగిపోయిందో చెబుతుంది (పేపర్లూ బాగానే అచ్చవుతాయి!). ఇద్దరుండాల్సిన చోట ఒక్కరే ఉన్నారని మాత్రం చెప్పదు.

ఫలితాలు చూసి ఆస్పత్రివాళ్ళు పెట్టేది యోగా క్లాసు. అదీ డ్యూటీ అయ్యాక!

బర్నవుట్ జబ్బు కాదు, ఉద్యోగంతో ముడిపడ్డ సమస్య అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మరి మందు మనిషికెందుకు వేస్తున్నట్టు?

నర్సులూ, ఇంట్లో నర్సులున్నవాళ్ళూ... ఇంకేం అడగాలో కామెంట్లో చెప్పండి.