శాంటా ఊళ్లో శాంటా లేని టూర్

రొవానియెమి అనగానే ఫోన్‌లో కనిపించేవి మూడే: శాంటా, రెయిన్‌డీర్ బండి, ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు. ఫిన్లాండ్‌లో ఉత్తర ధ్రువ వలయాన్ని ఆనుకుని ఉన్న చిన్న నగరం ఇది. శాంటా విలేజ్ ఉండేది ఊరికి దాదాపు 8 కిలోమీటర్ల అవతల. దాన్ని చూసేసి వెనక్కి వచ్చేస్తే అసలు ఊరు చూడనట్టే. అందుకే ముందు గైడ్‌తో కలిసి నడిచే సిటీ టూర్ ఒకటి బుక్ చేసుకోండి. డిసెంబరులో వెళ్తే మాత్రం మధ్యాహ్నం టూరే ఎంచుకోండి. ఆ నెల చివర్లో సూర్యుడు కనిపించేది రెండు గంటల పైచిలుకే!

నడక మొదలైన కాసేపటికే ఒక డౌట్ వస్తుంది. యూరప్ అంటే పాతకాలం భవనాలు, ఇరుకు సందులు కదా, ఇక్కడ అవేవీ లేవేంటి? చుట్టూ అన్నీ సాదాసీదా బిల్డింగులే.

జవాబు 1944లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిన్లాండ్, జర్మనీ ఒకే పక్షాన సోవియట్ యూనియన్‌తో పోరాడాయి. ఆ ఏడాది సెప్టెంబరులో ఫిన్లాండ్ సోవియట్‌తో సంధి చేసుకుంది. జర్మన్ సైన్యాన్ని దేశం నుంచి పంపించెయ్యాలన్నది అందులో ఒక షరతు. అంతే, నిన్నటి దోస్తులు శత్రువులైపోయారు. జర్మన్లు వెనక్కి వెళ్తూ వెళ్తూ ఊళ్లకు ఊళ్లే తగలబెట్టారు. అక్టోబరులో రొవానియెమి వంతు వచ్చింది. దాదాపు 90 శాతం భవనాలు పోయాయి. జనాన్ని ముందే తరలించారు కానీ, తిరిగొచ్చేసరికి వాళ్లకు ఇళ్లు లేవు. పైగా నేలలో మందుపాతరలు!

కొత్త ఊరికి ప్లాన్ గీసింది ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో. మ్యాప్ తెరిచి చూస్తే సరదాగా ఉంటుంది. రోడ్లన్నీ కలిసి రెయిన్‌డీర్ తల, కొమ్ముల ఆకారంలో కనిపిస్తాయి. స్టేడియం దాని కన్ను! ఆల్టో డిజైన్ చేసిన లైబ్రరీ కూడా చూడండి, లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. మంటల నుంచి బయటపడిన కొద్ది భవనాల్లో ఒకటి ఇటుకలతో కట్టిన పాత పోస్టల్ బస్సుల డిపో. దాని పేరు ఇప్పుడు కోరుండి. ఆర్ట్ మ్యూజియం, కచేరీ హాలు అందులోనే ఉన్నాయి.

మరి శాంటా? ఆ కథ మొదలైందీ ఈ బూడిదలోంచే. 1950లో అమెరికా మాజీ ప్రథమ మహిళ ఎలియనోర్ రూజ్‌వెల్ట్ ఇక్కడి పునర్నిర్మాణం చూడ్డానికి వచ్చారు. ఆమె కోసం ధ్రువ వలయం దగ్గర హడావిడిగా ఒక చిన్న చెక్క ఇల్లు కట్టారు. తర్వాత టూరిస్టులు రావడం మొదలైంది. 1985లో అక్కడే శాంటా విలేజ్ వెలిసింది. ఊరిని మళ్లీ కట్టుకున్నవాళ్లు, దానికి బతుకుతెరువునూ వెతుక్కున్నారన్నమాట.

శాంటాతో సెల్ఫీ దిగండి, తప్పేం లేదు. ఆ చెక్క ఇల్లు ఇప్పటికీ అక్కడే ఉంది. దాని ముందు కూడా ఒక్క నిమిషం ఆగండి.