మంజీర మీద సగం టిక్కెట్టు

"సార్, వీళ్లను సూడుండ్రి!" అంటూ మా తరగతి కుర్రవాడొకడు ఫోను నా ముందుకు చాచాడు.

చూశాను. వీపున బస్తాలంత సంచులు తగిలించుకుని పదిమంది విద్యార్థులు ఒక పెద్ద వంతెన పక్కన నిలబడి నవ్వుతున్నారు. ఆఫ్రికా ఖండపు దక్షిణ కొసనున్న దేశాలన్నీ అలా చవక బస్సుల్లో తిరుగుతూ, దొరికినచోట పడుకుంటూ, ఒక్కొక్క సరిహద్దూ దాటుకుంటూ పోతున్నారట. ఫోటో కింద కజుంగులా అని రాసి వుంది.

"మనం గూడ పోదాం సార్!" అన్నాడు.

"పోదాం. డబ్బు ఎంతుంది?"

"తలా ఐదు వందలు."

తరగతి గొల్లున నవ్వింది. నాకు మాత్రం ఆ పేరు దగ్గర ఆలోచన తెగలేదు. కజుంగులా అంటే జాంబేజీ నదిలో చోబే నది వచ్చి కలిసే తావు. జాంబియా, బోట్స్వానా, జింబాబ్వే, నమీబియా - నాలుగు దేశాలు ఇంచుమించు అక్కడే ఒకదానినొకటి తాకుతాయి. ఆ వంతెన 2021 మే నెలలో ప్రారంభమైంది. పొడవు 923 మీటర్లు. తిన్నగా కడితే జింబాబ్వే నేల మీదికి పోతుందని వంపు తిప్పి కట్టారు. అంతకు ముందు లారీలు బల్లకట్టు కోసం రోజుల తరబడి పడిగాపులు పడేవి.

"నది, సంగమం, సరిహద్దు. ఇంతే కదా! ఈ మూడూ మన బోధన్ పక్కన లేవూ? ఐదు వందలతో అక్కడికే పోదాం," అన్నాను.

అలా తేలింది మా దేశాటన. నలుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు, నేను. మా ఆవిడ కూడా వస్తానన్నది. నిజం చెప్పాలంటే, ఆమె వస్తున్నదనే ఆడపిల్లల ఇళ్లలో సెలవు దొరికింది. లెక్కల పుస్తకం ఒక అమ్మాయి చేతికిచ్చి కోశాధికారిని చేశాము. ఆ పదవి వచ్చిన క్షణం నుంచీ ఆమె మా అందరినీ అనుమానంగా చూడసాగింది.

సంక్రాంతి సెలవుల్లో ఒక ఉదయం నిజామాబాదు బస్టాండులో బోధన్ బస్సు ఎక్కాము. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కదా! మా ఆవిడా, ముగ్గురమ్మాయిలూ సున్నా టిక్కెట్లు అందుకుని దర్జాగా కిటికీల పక్కన కూర్చున్నారు. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్న మేము నిలబడ్డాము.

నా చిన్నతనంలో ఈ రోజుల్లో ఈ దారి వెంట పోతే చెరకు బండ్లు, చెరకు లారీలు. వెనక పరుగెత్తి ఒక గడ లాగని పిల్లవాడు పిల్లవాడే కాడు. బోధన్ ఇంకా కొంత దూరముండగానే బెల్లం పాకం వాసన ముక్కుకు తగిలేది. ఇప్పుడు దారికి ఇరువైపులా యాసంగి నాట్లు వేస్తున్నారు. వాసన బురదది.

శక్కర్‌నగర్ దగ్గర దిగాము. నిజాం చక్కెర కర్మాగారం 1937లో ఇక్కడ వెలిసింది. ఆసియా ఖండంలోనే పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. దానికి ప్రాణం పోసింది మంజీర నీరు. అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద 2.75 లక్షల ఎకరాలు తడపాలని సంకల్పం. ఆ నీటిని నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు; వారి క్యాంపుల పేర్లు నేటికీ ఊళ్ల పేర్లయి వున్నాయి. చెరకు కొట్టడానికి మరాఠ్వాడా కూలీలు ఆలుబిడ్డలతో వచ్చేవారు. అంటే ఒకనాడు ఎక్కడెక్కడివాళ్లో హద్దులు దాటి మన బోధన్‌కు వచ్చారన్నమాట. 2002లో కర్మాగారంలో ప్రైవేటు భాగస్వామ్యం వచ్చింది. 2015 డిసెంబరులో అది మూతబడింది.

గేటు దగ్గర పిల్లలు ఫోటోలు తీసుకుంటుంటే, ఫోనులో ఆఫ్రికా చూపించిన మా కుర్రవాడు దూరంగా నిలబడి వున్నాడు. వాడిది బోధనే.

"మా నాయిన ఇక్కడికే చెరుకు లారీ తోలేటోడు సార్. నేను పక్కన కూసునేటోణ్ణి. లైన్ల రాత్రంత ఉండేటిది లారీ. మూసినంక దుబాయి పోయిండు."

అంతకు మించి వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

తెలుగు మేష్టరును కాబట్టి బోధన్‌లో నా పాఠం నేను చెప్పక మానలేదు. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని ఇదే. ఆ వంశపు అరికేసరి కొలువులో పంపకవి వుండేవాడు. కన్నడిగులకు ఆయన ఆదికవి. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కుర్క్యాల గుట్ట మీద సుమారు 945లో వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగులో చెక్కినవి కందపద్యాలు. పంపని సమాధి బోధన్‌లోనే వున్నదని ఇక్కడివారి నమ్మకం. "ఒక్క బండ మీద మూడు భాషలు ఇమిడినాయి. హద్దులు మనం తరువాత గీసుకున్నవి," అన్నాను. పిల్లలు తలలూపారు. వాళ్ల చూపులు మాత్రం మిర్చి బజ్జీల బండి మీద వున్నాయి.

సాయంత్రానికి కందకుర్తి చేరాము. మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసే త్రివేణి సంగమం ఇది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా కొండల్లో పుట్టిన మంజీర కర్ణాటకలోని బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి ఇక్కడ గోదావరి ఒడి చేరుతుంది. ఏటి నడుమ, వరదలో మునిగి, నీరు తగ్గితే తేలే పాత శివాలయం ఒకటి వుంది. ఆవలి గట్టు మహారాష్ట్ర. అక్కడ ఎవరో గొర్రెలకు నీళ్లు తాపుతూ వేసిన కేక మా గట్టు దాకా వినిపించింది. మా పిల్లవాడొకడు బదులు కేక వేశాడు. ఏ రాష్ట్రమూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ రాత్రి బస బోధన్‌లో మా కుర్రవాడి ఇంట్లో. సత్రం ఖర్చు మిగిలిందని కోశాధికారి ముఖం వికసించింది. వాడి నానమ్మ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, నువ్వుల సకినాలు పెట్టింది. తల్లి బీడీలు చుట్టే చాట పక్కకు జరిపి అందరికీ చాపలు పరిచింది. పిల్లలు పడుకున్నాక ముసలమ్మ నా దగ్గరికి వచ్చి గూట్లోంచి ఒక కొత్త పాస్‌పోర్టు తీసి చూపించింది.

"పరీక్ష రాయకుండనే పోతడట సారూ! ఏజెంటు మార్చినెలల రమ్మంటుండట. కొడుకు పోయి పదేండ్లాయె, రెండుసార్లు వచ్చె. ఇగ మనుమడు. జర నువ్వన్న జెప్పు."

ఏమని చెప్పను? ఈ జిల్లాలో గల్ఫుకు మనిషిని పంపని వీధి వుందా? కట్టిన ఇల్లు, తీరిన అప్పు, పెళ్లయిన చెల్లెలు - ఎన్నో కుటుంబాలకు అన్నీ ఆ దారినే వచ్చాయి. వెళ్లవద్దనడానికి నేనెవణ్ణి? బదులుగా నేను చూపించగల ఉద్యోగమేముంది? "చూస్తానమ్మా," అన్నాను. ఆ మాట నాకే చప్పగా తోచింది.

మరునాడు పొద్దున్నే బిలోలి పోయే మన రాష్ట్రపు బస్సు ఎక్కాము. సాలూరా దగ్గర మంజీర వంతెన. ఇదే మేము దాటవలసిన సరిహద్దు! పిల్లలు ఫోనులు సిద్ధం చేసుకుంటున్నారు. అంతలో కండక్టరు ఆడవాళ్ల దగ్గరికి వచ్చాడు.

"సాలూర దాక జీరో. ఆడికెల్లి పైసలియ్యాలె."

మా కోశాధికారి ఊరుకుంటుందా? "అన్నా, మరి ఏట్ల ఆ గీత ఏడున్నది? చూపెట్టు, ఇస్తం."

"గీత ఏట్ల లేదు చెల్లే, నా మిషన్ల ఉన్నది," అని నవ్వి టిక్కెట్లు చించి ఇచ్చాడు.

బస్సంతా నవ్వింది. నిన్నటి నుంచీ ఉడుక్కుంటున్న మగపిల్లలు మరీ నవ్వారు. తీరా బిలోలిలో మహారాష్ట్ర బస్సు ఎక్కితే, 2023 మార్చి నుంచి అక్కడ ఆడవాళ్లకు సగం చార్జీ అని తెలిసింది. "ఆడ సున్న, ఈడ సగం, మాకు ఏడికి వోయినా నిండు!" అని ఒకడు వాపోయాడు.

బిలోలిలో చాయ్ పోసినామె మాతో తెలుగులో, మొగుడితో మరాఠీలో, లెక్క తప్పిన గిరాకీతో హిందీలో మాట్లాడింది. ఆమె పుట్టిల్లు బోధన్ దగ్గరే. 1956 దాకా ఇదంతా ఒకే హైదరాబాదు రాష్ట్రం కదా! మన బాసర వున్న ముధోల్ తాలూకా నాందేడు జిల్లాలోనే వుండేది. ఆ యేడు రాష్ట్రాలు విడివడ్డాయి గాని, పెళ్లి సంబంధాలు విడివడలేదు. "లాక్‌డౌన్ల మాత్రం కష్టమాయె. మా అమ్మ పోతే పోనియ్యలే," అన్నదామె. 2020లో ఆ గీత మిషన్లోంచి లేచి రోడ్డు మీదికి వచ్చి నిలబడిందన్నమాట. కోశాధికారి చాయ్ డబ్బులు బేరమాడకుండా ఇచ్చేసింది.

కుండల్వాడి మీదుగా ధర్మాబాద్ చేరాము. ఎండుమిర్చి ఘాటుకు పేరుపడ్డ బజారు. తుమ్ములతోనే ఊళ్లోకి అడుగుపెట్టాము. ఈ తాలూకాలోనే గోదావరి మీద బాభ్లీ ఆనకట్ట వుంది. దాని గురించి రెండు ప్రభుత్వాలూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది: ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి వుంచాలి. మేఘాలు ఏ తారీకున వచ్చినా సరే, నీటికి మాత్రం తారీకులున్నాయి. "అయితే నీళ్లకు గూడ వీసా ఉంటదన్నట్టు," అన్నాడు మా కుర్రవాడు. రెండు రోజుల్లో వాడు వేసిన మొదటి హాస్యం అది.

ధర్మాబాద్‌లో రైలెక్కాము. రైల్లో ఆడా మగా అందరికీ ఒకే ధర. ఎక్కడ మహారాష్ట్ర అయిపోయిందో, ఎక్కడ తెలంగాణ మొదలైందో చక్రాల చప్పుడులో తేడా తెలియలేదు. బాసర దాటి బండి గోదావరి వంతెన మీదికి వచ్చింది. జనం కిటికీల్లోంచి నాణేలు వేసి దండాలు పెడుతున్నారు. వాడు నా ఎదుట కూర్చున్నాడు. ఉపదేశం చెయ్యాలని నోరు తెరిచాను, చేతకాలేదు. కథ చెప్పాను.

"నువ్వు చూపించిన ఆఫ్రికాకు మనవాళ్లు ఎప్పుడో వెళ్లారు, తెలుసా? చెరకు కోసమే. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ మూడు వందల మందికి పైగా కూలీలతో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అక్కడి నేటాల్ చెరకు తోటలకు ఆ తరువాత 1911 వరకూ ఓడలు పోతూనే వున్నాయి. వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. ఐదేళ్ల ఒప్పందం. చాలామంది తిరిగి రాలేదు, అక్కడే వుండిపోయారు. వాళ్ల బిడ్డలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగును కాపాడుకున్నారు. ఇప్పటికీ అంతే. లింపోపో నది మీద బైట్‌బ్రిడ్జి అని జింబాబ్వేకూ దక్షిణాఫ్రికాకూ నడుమ సరిహద్దు వుంది. సంచీ తగిలించుకుని లోకం చూడ్డానికి వచ్చినవాడూ, పొట్ట చేత పట్టుకుని పనికోసం వచ్చినవాడూ దాటేది ఆ ఏరే."

"తేడా ఏంది సార్ మరి?"

"సంచీ పిల్లవాడి జేబులో తిరుగు టిక్కెట్టు వుంటుంది. తనకెప్పుడు బుద్ధిపుడితే అప్పుడు తిరిగి రాగలడు."

వాడు చాలాసేపు గోదావరి వైపు చూశాడు. వంతెన అయిపోయింది. నవీపేట వచ్చింది. అప్పుడన్నాడు:

"పరీక్షలు రాసినంక పోతే, డిగ్రీ చేతిలుంటది గద సార్. ఆడ పని బాగలేకుంటే తిరిగొచ్చి ఏదన్న చేసుకోవచ్చు గద."

"అదే తిరుగు టిక్కెట్టు," అన్నాను.

నిజామాబాదు స్టేషనులో దిగి, దీపాల కింద కోశాధికారి లెక్క చదివింది. మగపిల్లలకు తలా నలభై రెండు రూపాయలు, ఆడపిల్లలకు నూట పద్దెనిమిది మిగిలాయి. మళ్లీ తగవు మొదలైంది. ఆమె కాసేపు ఆలోచించి, మిగిలిందంతా కలిపి వాడి చేతిలో పెట్టింది. "పరీక్ష ఫీజుకు. అప్పే. రాసుకున్న," అన్నది. రైల్లో మా మాటలు విన్నది కాబోలు.

సెలవుల తరువాత కాలేజీ తెరిచిన రోజున వాడు ఫీజు కట్టాడు. పాస్‌పోర్టు ఇంకా వాళ్ల గూట్లోనే వుంది. వేసవి దాటాక దానికి పని పడుతుందో లేదో నాకు తెలియదు. పడినా పడవచ్చు. మా ఆవిడ మాత్రం బోధన్ నుంచి నానమ్మ కట్టి ఇచ్చిన సకినాల డబ్బా తిరిగి ఇచ్చి రావాలని గుర్తుచేస్తున్నది. వట్టి డబ్బా ఇవ్వకూడదు కదా! అందులో ఏం పెట్టాలో ఆమె ఆలోచిస్తున్నది. తనకు ఎలాగూ బస్సు చార్జీ లేదు.