హెరాల్డుకు జంట కార్బురేటర్లు

పాత కారు ఉన్న ఇంట ఏనాటికైనా ఒక తగవు రాక మానదు. అమ్మివేద్దామనేవారొకరు, ఉంచుకొందామనేవారొకరు. వ్యాసర్పాడిలో మా ఇంట మూడో పక్షం కూడా బయలుదేరింది. "అన్నయ్యా, బండి ఉంచుదాం. ఆ ముసలి ఇంజను తీసేసి మారుతి ఇంజను పెట్టిద్దాం" అన్నాడు మా తమ్ముడు. అంతవరకు పలకని అమ్మ, "ఇంజను మారిస్తే అది మీ నాయన బండి ఎట్లా అవుతుందిరా?" అన్నది. ఆ మాటకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

బండి 1967 నాటి స్టాండర్డు హెరాల్డు. మన పట్నం పొలిమేరలోనే, వండలూరు దగ్గర, స్టాండర్డు మోటార్ ప్రాడక్ట్సు వారు 1961 నుండి సుమారు పదేళ్లు తయారుచేసిన రకం. ఇంజను 948 సి.సి., కార్బురేటరు ఒక్కటే. పెరంబూరు రైల్వే వర్కుషాపులో పనిచేసిన మా తండ్రిగారు దానిని ఒకరి దగ్గర పాతదిగానే కొన్నారు. మా చిన్నతనంలో అందులోనే రెడ్‌హిల్సు మీదుగా షోలవరం తీసుకుపోయి మోటారు పందేలు చూపించేవారు. అది యుద్ధకాలపు విమానాల మైదానం. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్సు క్లబ్బువారు అక్కడ పందేలు నడిపేవారు. దిగుమతులకు ఆంక్షలున్న రోజులు గనుక, పందెపు ఫియట్లకు, హెరాల్డులకు కావలసిన సామాను చాలావరకు మన వెల్డింగు షాపులలోనే పుట్టేది. "బండి మన బండే, ఊపిరే వేరు" అనేవారు మా తండ్రిగారు.

ఆయన పోయిన తరువాత ఆ ఊపిరే తగ్గింది. కార్బురేటరులో ఇరుసు తిరిగే రంధ్రం అరిగి, పక్కనుండి గాలి పీల్చుకొంటున్నది. ఎర్రదీపం దగ్గర ఆగితే ఇంజను కూడా ఆగేది. వర్కుషాపులో మా తండ్రిగారితో పనిచేసిన మేస్త్రీగారు వచ్చి చూసి, "ఇంజనుకేమీ జబ్బు లేదు నాయనా. గాలీ పెట్రోలూ సరిగా అందితే చాలు" అన్నారు.

ఆయన చెప్పిన ఉపాయం కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో 1959లోనే హెరాల్డు కూపే కారుకు ఇదే ఇంజను మీద జంట ఎస్.యు. కార్బురేటర్లు పెట్టి, కంప్రెషన్ కూడా కొంత పెంచితే, బలం సుమారు 35 అశ్వశక్తుల నుండి 45 దాకా వచ్చింది. ఎస్.యు. అంటే స్కిన్నర్సు యూనియన్. చెప్పుల వ్యాపారపు కుటుంబంలోని అన్నదమ్ములు కల్పించినది. మొదటి రోజులలో అందులో తోలుతిత్తి ఉండేదట! ఇంజను పీల్చేకొద్దీ లోపలి పిస్టను పైకి లేస్తుంది. దానికున్న సూది కూడా లేచి, గాలికి తగినంత పెట్రోలు వదులుతుంది.

పాత అంబాసిడర్ల నుండి ఊడదీసిన అంగుళంపావు కార్బురేటర్లు రెండు పుదుపేటలో దొరికినవి. దొరకనిది మానిఫోల్డు, అనగా వాటినుండి ఇంజను తలలోకి పోయే గొట్టాల దిమ్మ. అది చేసుకోవలసిందే. గాస్కెట్టును అచ్చుగా పెట్టి 10 మిల్లీమీటర్ల ఇనుప పలక మీద గీసి, తొలిచి, ఆకురాయితో రంధ్రాలు సరిచేశారు. పలక వేడికి వంగకుండా దానిని మందపాటి దిమ్మకు బిగించి, గొట్టపు వంపులను ముందు చుక్కలుగా అతికి, కొలతలు చూసి, తరువాత పూర్తిగా వెల్డింగు చేశారు. లోపల పొడుచుకువచ్చిన లోహాన్ని గీకివేశారు. చివరకు పంక్చరు షాపులో ట్యూబును చూసినట్లే, రంధ్రాలు మూసి నీళ్లలో ముంచి గాలి కొట్టారు. రెండుచోట్ల బుడగలు వచ్చినవి, మళ్లీ అతికారు. కింద పొగగొట్టం వేడికి పెట్రోలు మరగకుండా అల్యూమినియం రేకు అడ్డుపెట్టారు.

ఇక శ్రుతి కలపడం. రబ్బరు గొట్టం ఒక కొన చెవికి, రెండవ కొన కార్బురేటరు నోటికి పెట్టి, రెండింటి బుస ఒక్కటయ్యేదాకా మరలు తిప్పాలి. ఆ పని మేస్త్రీగారు మా తమ్ముడికి అప్పగించారు. మారుతి ఇంజను మాట వాడు మళ్లీ ఎత్తలేదు.

మేము పట్టుబట్టిన షరతు ఒక్కటే: అసలు బండిలో దేనినీ కోయకూడదు, తొలవకూడదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజి బండ్ల నియమాలు ఏభై ఏళ్లు నిండినవాటికి వర్తిస్తాయి. అయితే చాసిసు, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండరాదు. అందుకని పాత మానిఫోల్డూ కార్బురేటరూ నూనె రాసి, గోనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాము. ఒక పూటలో మళ్లీ బిగించవచ్చు. ఇప్పుడు బంకులలో వచ్చే 20 శాతం ఇథనాలు పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు గనుక గొట్టాలన్నీ మార్పించాము. పాత బండ్లున్నవారు ఈ ఒక్క పనీ వాయిదా వేయకుండా ఉంటే మంచిది.

బండి ఇప్పుడు బేసిన్ బ్రిడ్జి ఎత్తును రొప్పకుండా ఎక్కుతున్నది. అమ్మ మాత్రం జంట కార్బురేటర్ల సంగతి అడగలేదు. వెనుక సీటులో కూర్చుని, "చప్పుడు మీ నాయన నాటిదే" అన్నది. నిజానికి చప్పుడు కొంత మారింది. ఆ మాట మేమెవ్వరమూ అనలేదు.