గడిలో రాసే లెక్క

సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి పెట్టి, వాడేవాళ్లు తమకు కావలసిన లెక్క తామే రాసుకునేలా చేయడం నాకు చాలా ఇష్టమైన పని. ‘ధర * 1.18’ అని కొడితే 18 శాతం జీఎస్టీ కలిసిన మొత్తం రావాలి. చూడటానికి చిన్న కోరికే. కానీ సీ++లో రాసిన ప్రోగ్రామ్ కంపైల్ అయ్యాక మెషిన్ కోడ్‌గా మారిపోతుంది. వేరియబుల్ పేర్లతో దానికిక పని ఉండదు, కంపైలర్ వాడేవాళ్ల కంప్యూటర్‌లో ఉండదు. అందుకే గడిలో కొట్టిన అక్షరాలను చదివి అర్థం చేసుకునే చిన్న వ్యాకరణాన్ని మనమే లోపల పెట్టి పంపాలి.

దారి పాతదే. 1961లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా వివరించిన షంటింగ్ యార్డ్ పద్ధతిలో అంకెలు నేరుగా ముందుకు వెళ్లిపోతాయి, ప్లస్సులూ ఇంటూలూ రైల్వే యార్డులో వ్యాగన్లలా పక్క లైన్లో తమ వంతు కోసం ఆగుతాయి. ఎంత అందమైన ఆలోచనో!

చిక్కంతా చిన్న చోట్లే. -2^2 ఎంత? ఎక్సెల్ 4 అంటుంది. పైథాన్‌లో అదే లెక్క -4. (అక్కడ ఘాతానికి రెండు నక్షత్రాలు వాడాలి, అది వేరే సంగతి.) ఎవరి నియమం ప్రకారం వారిది సరైనదే. మధ్యలో నష్టపోయేది నియమం తెలియని మనిషి.

ఈ శ్రమంతా ఎందుకని కొందరు టైపు చేసిందాన్ని ఉన్నదున్నట్టు పైథాన్‌లోని ఇవాల్ (eval) ఫంక్షన్‌కు అప్పగిస్తారు. లెక్క వస్తుంది. ఫైళ్లు చెరిపే ఆజ్ఞ రాస్తే అదీ నడుస్తుంది. దయచేసి అలా చేయకండి. ఏ ఫంక్షన్లను అనుమతించాలో మీరే నిర్ణయించండి, ఏ గుర్తు ముందో హెల్ప్ పేజీలో స్పష్టంగా రాయండి.