బర్లొస్తున్నయ్... కట్!

కథ రాసేదీ వాళ్లే, కెమెరా పట్టేదీ వాళ్లే, మధ్యలో టీ తెచ్చేదీ వాళ్లే. చేతిలో పైసా లేకుండా పల్లెల్లో నవ్వుల సిరీస్‌లు ఎలా పుడుతున్నాయి?

పొలం గట్టు మీద ఇద్దరు నిలబడ్డారు. ఒకడు అప్పిచ్చినవాడు, ఇంకొకడు ఎగ్గొట్టినవాడు. ఇద్దరూ తిట్టుకోవాలి. మూడోవాడు సెల్‌ఫోను అడ్డంగా పట్టుకుని ‘రెడీ’ అన్నాడు. సరిగ్గా అప్పుడే పక్క చేలో ట్రాక్టరు స్టార్టయింది. అది ఆగేసరికి గాలి లేచింది. గాలి సద్దుమణిగేసరికి బర్లొచ్చాయి. వాటి వెనకాలే వచ్చిన పెద్దాయన ‘ఏంది బిడ్డా, ఈ లొల్లి?’ అంటూ నిజంగానే పంచాయితీ తీర్చడానికి కూర్చున్నాడు!

ఖర్చు లేకుండా కామెడీ తీద్దామనుకున్న ఏ ఊళ్లోనైనా మొదటిరోజు ఇంచుమించు ఇలాగే గడుస్తుంది. సాయంత్రానికి చేతికొచ్చేది రెండు నిమిషాల బొమ్మ. అందులో నిమిషంన్నర గాలి హోరు. కొత్తగా తీసేవాళ్లంతా బొమ్మ గురించే బెంగపడతారుగానీ, అసలు దెబ్బ కొట్టేది శబ్దం. మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే మాత్రం నవ్వరు. జోకు పేలేది చివరి మాట దగ్గరే కదా, ఆ మాటే గాల్లో కలిసిపోతే ఇంకేం మిగులుతుంది?

సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే దారిలో మునగాల తగులుతుంది. హైదరాబాద్ అక్కడికి చాలా దూరం. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరికైనా నలుగురినీ నవ్వించే గుణం ఉంటే, దానికి ఒకటే దారి... ఆ రోడ్డెక్కి రాజధానికి పోవడం. కోదాడలో పుట్టిన వేణుమాధవ్ అలాగే వెళ్లాడు. మిమిక్రీ, పెదాలు కదపకుండా బొమ్మతో మాట్లాడించే విద్య... అతని పెట్టుబడి ఆ రెండే. వేదికలెక్కి, రాజకీయ సభల్లో నవ్వించి, 1996లో ‘సంప్రదాయం’తో తెరమీదికొచ్చాడు. ‘తొలిప్రేమ’, ‘దిల్’, ‘సై’... తర్వాత సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2005లో ‘హంగామా’లో అలీతోపాటు హీరో కూడా అయ్యాడు. 2019 సెప్టెంబరు 25న కన్నుమూశాడు.

ఒక్కడు అలా వెళ్లి నెగ్గాడంటే, బస్సు ఛార్జీలకు డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లు ఎందరో! అలాంటివాళ్లకు ఇప్పుడు హైదరాబాద్ వెళ్లాల్సిన పని తప్పింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక నెట్ ధరలు నేలకు దిగాయి. అప్పటిదాకా వీడియో చూడటానికి వెనకాడిన పల్లె, రోజుకో జీబీ ఖర్చుపెట్టేస్థాయికి చేరింది. చూసేవాళ్లు ఊళ్లోనే ఉన్నప్పుడు, తీసేవాళ్లు పట్నంలో ఎందుకుండాలి?

ఈ సంగతిని అందరికన్నా ముందే కనిపెట్టిన ఊరు జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి. కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్లేవాళ్లకు ఈ మండలం పరిచయమే. 2012లో, అంటే జియో ఊసైనా లేనప్పుడు, శ్రీరాం శ్రీకాంత్ అనే యువకుడు ‘మై విలేజ్ షో’ పేరుతో యూట్యూబ్‌లో ఛానల్ మొదలుపెట్టాడు. సెట్టింగుల్లేవు. ఊరి ఇళ్లే సెట్టింగులు. జూనియర్ ఆర్టిస్టుల్లేరు. ఊరి జనమే ఉన్నారు. పండగలు, పెళ్లిళ్లు, సర్పంచి ఎన్నికలు, పొద్దున్నే నీళ్ల దగ్గర కీచులాటలు... ఇంట్లో జరిగేదే కథ. తెలంగాణ యాసను సినిమాలు చాన్నాళ్లు విలన్లకో, వాళ్ల వెనకుండే కమెడియన్లకో అప్పగించాయి. ఇక్కడ ఆ యాసే హీరోది, హీరోయిన్‌ది, చివరికి అత్తగారిది కూడా.

2018లో ఓ సరదా జరిగింది. డ్రేక్ పాటకు కదిలే కారులోంచి దూకి డ్యాన్సు చెయ్యడం ప్రపంచమంతా పిచ్చిలా పట్టింది. ప్రాణాల మీదికొస్తుందని పోలీసులు మొత్తుకుంటున్నారు. లంబాడిపల్లిలో మాత్రం అనిల్ జీల, మరో యువరైతు కలిసి బురద మళ్లో దున్నుతున్న ఎడ్ల పక్కన అదే డ్యాన్సు వేశారు. కారు లేదు, ప్రమాదం లేదు, పైసా ఖర్చూ లేదు. శ్రీకాంత్ తీసిన ఆ చిన్న వీడియో దేశాలు దాటింది. అమెరికాలో ట్రెవర్ నోవా లాంటి హాస్యనటుడు కూడా దాన్ని పంచుకున్నాడు. ఆలోచించి చూస్తే అందులో గొప్ప హాస్యమేదీ లేదు. అందరూ కార్ల పక్కన ఆడుతుంటే వీళ్లు ఎడ్ల పక్కన ఆడారు, అంతే! ఆ ‘అంతే’ తట్టడమే కష్టం.

అసలు నిధి మాత్రం గంగవ్వ. పెద్దగా చదువుకోలేదు. చిన్నతనంలోనే పెళ్లి. కూలికెళ్తూ, బీడీలు చుడుతూ పిల్లల్ని పెంచింది. 2017 ప్రాంతంలో కెమెరా ముందు నిలబడేనాటికి ఆమెకు నటనంటే ఏమిటో తెలియదు. రాసిచ్చిన డైలాగు చదవలేదు కాబట్టి, సన్నివేశం ఇదీ అని చెప్తే తన మాటల్లో తాను మాట్లాడేది. తిట్టమంటే నిజంగా తిట్టేది. జనం పడిపడి నవ్వింది ఆ తిట్లకే. 2019లో ‘మల్లేశం’లో, ‘ఇస్మార్ట్ శంకర్’లో కనిపించింది. తెరకు పరిచయమయ్యే వయసు ఎంత అని అడిగితే, సినిమావాళ్లు చెప్పే లెక్కలన్నీ ఆమె దగ్గర తప్పిపోతాయి.

ఇదంతా చదివి ఫోను పట్టుకుని పొలానికి బయల్దేరే కుర్రాడికి ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటుంది. ‘దీంతోటి ఏమొస్తది?’ న్యాయమైన ప్రశ్నే. జవాబే కాస్త చేదు. ప్రకటనల ఆదాయంలో యూట్యూబ్ వాటా ఇవ్వాలంటే, 2018లో పెట్టిన నిబంధన ప్రకారం, నిడివైన వీడియోలు చేసేవాళ్లకు కనీసం 1000 మంది చందాదారులుండాలి. ఏడాది వ్యవధిలో జనం వాటిని 4000 గంటలు చూసుండాలి. నాలుగువేల గంటలంటే 2,40,000 నిమిషాలు. ఐదు నిమిషాల ఎపిసోడ్లను ఆసాంతం చూసినా 48,000 సార్లు చూడాలి. సగంలో వదిలేస్తే దాదాపు లక్ష! చుట్టాలకూ స్నేహితులకూ లింకు పంపి సంపాదించే లెక్క కాదిది. చాలా సిరీస్‌లు నాలుగో ఎపిసోడ్‌కే ఆగిపోయేది కథల్లేక కాదు. హీరోకి ఏదో కంపెనీలో ఉద్యోగం వస్తుంది, కెమెరా పట్టినవాడికి పెళ్లి కుదురుతుంది, ఎడిటింగ్ చేసేవాడి ఫోనులో చోటు చాలదు.

డబ్బుల మాట వదిలి, పిచ్చి మాటకొస్తే మహారాష్ట్రలోని మాలేగావ్‌ను తలచుకోవాల్సిందే. మరమగ్గాల ఊరది. వీడియో పార్లర్ నడిపే షేక్ నాసిర్ 2000లో ‘మాలేగావ్ కే షోలే’ తీశాడు. కెమెరా ముందుకు సాగాలంటే సైకిలు. పైకి లేవాలంటే క్రేన్ బదులు ఎడ్లబండి! వాళ్ల ‘సూపర్‌మ్యాన్’ తయారీ మీద ఫైజా అహ్మద్ ఖాన్ 2008లో డాక్యుమెంటరీ తీసింది. అందులో సూపర్‌మ్యాన్ వేసిన బక్కపల్చటి మగ్గం కార్మికుడు షఫీక్, క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ నవ్వులు చూస్తూ నవ్వినవాళ్లకు, ఆ సంగతి తెలిశాక గొంతుకేదో అడ్డం పడుతుంది. 2025లో వాళ్ల కథే ‘సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్’ పేరుతో పెద్ద సినిమాగా విడుదలైంది.

గంగవ్వ దగ్గరికొద్దాం. 2020లో ఆమెను ‘బిగ్‌బాస్’కు పిలిచారు. చుట్టూ కెమెరాలు, ఏసీ గదులు, పెద్ద సెట్టు. ఖర్చు లేకుండా తీసిన వీడియోల్లో పులిలా ఉన్న మనిషి ఇక్కడ దిగులుపడిపోయింది. ఊరు గుర్తొచ్చింది. ఒంట్లో బాగుండలేదు. ఐదోవారంలో తనంతట తాను బయటికొచ్చేసింది. ఆమెకున్న కోరికల్లా సొంతిల్లు. కట్టుకోవడానికి సాయం చేస్తానని నాగార్జున మాటిచ్చాడు. 2021లో లంబాడిపల్లిలో ఆ ఇల్లు లేచింది. మరి మన కుర్రాళ్లు ఊరుకుంటారా... ఆ గృహప్రవేశాన్నీ వదల్లేదు. అదీ ఓ వీడియో అయింది.