జీపుకు ట్రక్కు డ్రమ్ములు

బోధన్ ప్రాంతపు వారికి చెరకు బండ్ల సంగతి చెప్పనవసరము లేదు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టినది మొదలు, క్రషింగ్ సీజను వచ్చిందంటే నిజామాబాదు రోడ్డంతా ఎడ్లబండ్లే, ఆ తరువాత ట్రాక్టర్లే. ఫ్యాక్టరీ 2015లో మూతపడినది, చెరకు తగ్గి వరి పెరిగినది. వెనుక దీపము లేని ట్రాలీలు మాత్రము తగ్గలేదు.

ఆ రోడ్డు మీదనే మా ఇంటి పాత జీపు తిరుగుతుంది. ఆదివారము ఆరాధనకు చుట్టుపక్కల ఊళ్ల ముసలివారిని, పిల్లలను అందులోనే తీసికొని వస్తాము. ఖాళీ బండి ఆగినట్లు మనుషులు నిండిన బండి ఆగదు. వేగము రెండింతలైతే బ్రేకు మింగవలసిన శక్తి నాలుగింతలు.

ఈ జీపులకు మూలము 1941లో అమెరికా సైన్యము కొరకు విల్లీస్ కంపెనీ చేసిన బండి. పావు టన్ను మోసే ఆ బండికి 9 అంగుళాల డ్రమ్ములు పెట్టినారు. అదే కంపెనీ 1947 నుండి చేసిన పికప్పు ట్రక్కులకు 11 అంగుళాలవి. అందుచేత ట్రక్కు బ్రేకులు తీసి జీపుకు బిగించుట చాలా దేశాలలో పాత అలవాటే.

మేము కూడ అదే చేయుదమనుకొన్నాము. మా అవ్వ ఒప్పుకోలేదు.

"మెల్లగ పోతే సరిపోదా బిడ్డా? గింత ఖర్చెందుకు?"

"మనం మెల్లగనే పోతం అవ్వా. ఎదురొచ్చేటోడు మెల్లగ రావాలె గదా!"

నిజామాబాదులో మిస్త్రీ సాబ్ లెక్క చెప్పినాడు. షూ అదే బలముతో నొక్కినా, డ్రమ్ము 9 నుండి 11 అంగుళాలైతే పట్టు ఇంచుమించు అయిదవ వంతు పెరుగుతుంది. అయితే డ్రమ్ములొక్కటి మార్చి ఊరుకొంటే పని చెడుతుంది. ట్రక్కు వీల్ సిలిండర్లు పెద్దవైతే ఆయిలు ఎక్కువ అడుగుతాయి, పాత మాస్టర్ సిలిండరు ఒక్క తొక్కుకు అంత పంపలేదు, పెడలు నేలకంటుతుంది. వెనుకకు మాత్రమే వేస్తే వెనుక చక్రములు ముందే బిగిసి బండి అడ్డము తిరుగుతుంది. కాబట్టి నాలుగు చక్రములూ, మాస్టర్ సిలిండరూ, గొట్టములూ ఒకేసారి మార్చవలెను. ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగిన తరువాతనే రమ్మన్నాడు. 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను బండిలో మార్పుల గురించినదే.

పాత ట్రక్కు డ్రమ్ములు నాలుగు దొరికినవి. ఆయన ఒక్కొక్కటి తాడుకు వ్రేలాడదీసి చిన్న సుత్తితో తట్టినాడు. మూడు గంటలవలె మ్రోగినవి. నాలుగవది పగిలిన కుండ చప్పుడు చేసినది. తుడిచి చూస్తే వెంట్రుక వంటి చీలిక.

"లేతు పట్టించి నడిపించరాదా సాబ్?" అని అడిగినాము.

"పిల్లలు కూర్చునే బండి అన్నా. నా చేతితో బిగించను."

ఇంకొకటి దొరకుటకు మూడు వారములు పట్టినది. ఆ మూడు ఆదివారములు ముసలివారు బస్సు కొరకు ఎండలో నిలిచినారు. ఒకరిద్దరు రానే లేదు. అందుకు మాకు బాధ కలిగినది గాని, ఆ మిస్త్రీ మీద గౌరవము పెరిగినది. పని పోగొట్టుకొనుటకైనా సిద్ధపడి వద్దనే వారు ఎందరు?

ఇంటివద్ద ఈ పని చేసికొనేవారికి ఒక మాట. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరము. గాలి పంపుతో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. వాగు దాటిన తరువాత పెడలు మెల్లగా నొక్కుచు కొంత దూరము పోనిస్తే షూలు ఆరుతాయి. తడి డ్రమ్ము, పెద్దదైనా సరే, పట్టదు.

బిగించిన దినమున ఖాళీ రోడ్డు మీద ముప్పయి కిలోమీటర్ల వేగములో నొక్కి చూచినాము. బండి ఏ ప్రక్కకూ లాగక తిన్నగా ఆగినది. హ్యాండ్ బ్రేకు మాత్రము పాతదే. ఈ జీపులో అది చక్రములకు గాక గేరు పెట్టె వెనుక షాఫ్టుకు ఉంటుంది గనుక దానిని ముట్టుకోలేదు.

తరువాతి ఆదివారము ఎడపల్లి దాటగానే వరి ట్రాలీ ఒకటి ఉన్నట్టుండి రోడ్డుకెక్కినది. మేము దానికి చాలా ఇవతలనే ఆగినాము. వెనుక పిల్లలు పాట కూడ ఆపలేదు. అవ్వ మాత్రము ముందరి కడ్డీని రెండు చేతులతో పట్టుకొని, "మెల్లగ పోనియ్యి బిడ్డా" అన్నది.